సెప్టెంబరు 6న కానిస్టేబుల్‌కు ఏమిస్తారు?

తమిళనాడు హోం శాఖ కార్యదర్శి గారికి,
రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికి,
గ్రేటర్ చెన్నై పోలీసు కమిషనర్ గారికి,

నమస్కారం.

ఇకపై ఏటా సెప్టెంబరు 6న పోలీసు దినం జరుపుతామని 2025 ఏప్రిల్ చివర్లో శాసనసభలో ప్రకటించారు. మా పెరంబూరు వైపు పోలీసు కుటుంబాలు ఆ మాట విని సంబరపడ్డాయి. నేనూ సంబరపడ్డాను. తర్వాత క్యాలెండర్ తీసి చూశాను. చెన్నై పోలీసుకు ఊపిరాడని వారాలు ఏడాదిలో కొన్ని ఉంటాయి, సెప్టెంబరు మొదటి వారం వాటిలో ఒకటి. బీసెంట్ నగర్ వేళాంకణ్ణి మాత చర్చిలో ఆగస్టు 29న జెండా ఎక్కుతుంది, సెప్టెంబరు 8 దాకా ఉత్సవం. కాషాయం కట్టుకుని కాలినడకన వచ్చే భక్తులతో అడయారు దాటాక రోడ్డే కనిపించదు. వినాయక చవితి ఆ తేదీలకు కాస్త ముందో వెనకో పడుతుంది. ఆ వెంటనే పట్టినపాక్కం, కాసిమేడు, నీలాంగరై తీరాల్లో నిమజ్జనాలు. 2025లోనైతే మిలాద్ నబీ కూడా సెప్టెంబరు 5నే వచ్చింది. ఇవన్నీ అయ్యి కాస్త కూర్చుందామనుకునేలోపు తిరుమల బ్రహ్మోత్సవాలకు చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి గొడుగులు బయల్దేరతాయి. అవి యానకౌని దాటేదాకా షావుకారుపేట సందుల్లో జనాన్ని తాళ్లు పట్టి ఆపేది కూడా ఆ పోలీసులే.

మరి పోలీసును సన్మానించే రోజున పోలీసు ఎక్కడుంటాడు? బందోబస్తులో. పండగ పూట కూడా పాత మొగుడేనా అన్నట్టుంటుంది వాళ్ల పరిస్థితి.

నేను అడగబోయేది చిన్నదే. ఈ రోజుకు గుర్తుగా శాలువాలూ షీల్డులూ కాకుండా, కానిస్టేబుల్‌కు పోలీసు పని మాత్రమే చెప్పండి, చెప్పిన సెలవు ఇవ్వండి. మీరు ఎంచుకున్న తేదీ వెనక ఉన్న కథ కూడా ఇదే అడుగుతోంది. కొంచెం ఓపిక పడితే అది చెబుతాను.

దాని కన్నా ముందు, ఈ లేఖ తెలుగులో ఎందుకన్నది. తమిళ ప్రతులు మీ కార్యాలయాలకు పోస్టులో పంపాను. తెలుగులో రాసింది ఇక్కడి మా వాళ్ల కోసం. మా నాన్న నెల్లూరు నుంచి ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల కర్మాగారంలో, ఉద్యోగానికి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డారు. నేను ఇక్కడే స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ సాయంత్రాలు ట్యూషన్ చెబుతున్నాను, ఆ పిల్లల్లో సగం మంది పోలీసు క్వార్టర్స్ వాళ్లు. వాళ్ల సంబరం వాళ్లది, మధ్యలో ఈ తెలుగు మేస్టారికేం నొప్పి, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మా వాళ్లలోనే కొందరు అంటున్నారు. వాళ్లకు చెప్పేది ఒకటే. సెప్టెంబరు 6 మనకూ చెందిన తేదీ. ఆ రోజు పుట్టింది మద్రాసు జిల్లా పోలీసు చట్టం, 1859. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునెల్వేలి దాకా. విశాఖ, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కడప, బళ్లారి, అన్నీ అందులోవే. ఆ చట్టమే రాష్ట్రాలు విడిపోయాక ఆంధ్రా ప్రాంతపు జిల్లా పోలీసు చట్టం, 1859 అనే పేరుతో అక్కడి చట్టాల పుస్తకంలో కొనసాగింది. అంటే చిత్తూరు ఎస్సైకీ తిరువళ్లూరు ఎస్సైకీ ముత్తాత ఒకడే.

(ఒక తమాషా కూడా ఉంది. పేరులోనే ఉన్నట్టు అది జిల్లాల చట్టం. మద్రాసు నగరానికి అప్పటికే వేరే చట్టం, 1856 నాటిది, దాని కింద వేరే కమిషనర్ ఉన్నారు. కాబట్టి అసలు ఆ చట్టం కిందకు రాని ఊరే ఇప్పుడు ఆ చట్టం పుట్టినరోజుకు ముఖ్య వేదిక.)

ఇక కథ. 1859కి ముందు మద్రాసు జిల్లాల్లో పోలీసు అనే శాఖ విడిగా లేదు. 1816 రెగ్యులేషన్ ప్రకారం పోలీసు పని రెవెన్యూ వాళ్ల చేతిలోనే ఉండేది. శిస్తు వసూలు చేసే తహసీల్దారే తాలూకాకు పోలీసు అధికారి. ఊళ్లో తలారి ఆయన చెప్పింది చేస్తాడు. శిస్తు కట్టనివాణ్ణి పిలిపించేది ఆయనే, నిర్బంధించేది ఆయనే, దొంగతనం కేసులో అనుమానితుణ్ణి విచారించేదీ ఆయనే. ఒకే మనిషి చేతిలో ఖాతా పుస్తకమూ కర్రా రెండూ ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి చరిత్ర చదవక్కర్లేదు. అయినా 1854లో ఆ సంగతి లండన్‌లో పార్లమెంటు దాకా వెళ్లింది. మద్రాసు రైతుల దగ్గర శిస్తు కోసం చిత్రహింసలు పెడుతున్నారని సభలో గొడవ జరిగితే, ఇక్కడి ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేసింది. ఎలియట్, స్టోక్స్, నార్టన్. 1855లో వాళ్లు నివేదిక ఇచ్చారు.

ఆ నివేదిక చదివితే కడుపులో దేవినట్టుంటుంది. తక్కువ కాలంలోనే సంఘానికి 1,900కి పైగా ఫిర్యాదులు అందాయి. వందల మైళ్ల నుంచి కాలినడకన వచ్చి చెప్పుకున్నవాళ్లున్నారు. కిట్టి అని ఒక సాధనం. రెండు కర్రలను ఒక కొసన కట్టి, మధ్యలో మనిషి వేళ్లు పెట్టి నొక్కడం. అనుండాల్ అని ఇంకొకటి. మనిషిని వంచి, తల కాళ్లకు ఆనేలా తాడుతో కట్టి, ఎండలో అలాగే వదిలేయడం. ఎవరి మీదనుకుంటున్నారు? రెండు రూపాయలో మూడు రూపాయలో బాకీ పడ్డ రైతు మీద. చేసేది తెల్లదొర కాదు, ఆ దొర కింద జీతం తీసుకునే మన తలారీ బంట్రోతూ.

విచారణ సంఘం తెల్లదొరలను చాలావరకు వెనకేసుకొచ్చింది. పైవాళ్లకు ఇవేవీ తెలియవన్నట్టు రాసింది. దాన్ని నమ్మాలో లేదో చదివేవాళ్ల ఇష్టం, నేనైతే నమ్మను. కానీ ఒక మాట మాత్రం సరిగ్గా పట్టుకుంది. వసూలు చేసే పనినీ కాపలా కాసే పనినీ విడదీయాలి అన్నది. దాని తర్వాత నాలుగేళ్లకు, మధ్యలో 1857 తిరుగుబాటు భయం కూడా తోడై, 1859 సెప్టెంబరు 6న చట్టం వచ్చింది. పోలీసుకు వేరే శాఖ, వేరే జీతం, పైన ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్. విలియం రాబిన్సన్ ఆ పదవిలో మొదటివారు. రెండేళ్లకు వచ్చిన 1861 పోలీసు చట్టం కన్నా ముందే మద్రాసు ఈ దారి పట్టింది.

ఆ చట్టంతో హింస ఆగిపోయిందని నేను అనడం లేదు. ఆ చట్టం పెంచిన పోలీసే తర్వాత స్వాతంత్ర్యం కోరినవాళ్ల మీద లాఠీ ఎత్తింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లను వరసపెట్టి ముట్టడించి తుపాకులు పట్టుకెళ్లాడంటే, మన్యం జనానికి ఆ స్టేషన్ అంటే ఏమిటో అర్థమవుతుంది. వలస పాలకుల చట్టం పుట్టినరోజును మనం పండగ చేసుకోవడమేమిటి అని అడిగేవాళ్లు అందుకే ఉన్నారు. నాకు ఆ అభ్యంతరం లేదు. తేదీ మంచిదే, కాకపోతే సగం కథ చెప్పి ఊరుకోవద్దు. ఎగ్మూరులో పాత కమిషనర్ ఆఫీసును 2021లో పోలీసు మ్యూజియంగా మార్చారు. పాత తుపాకులు, యూనిఫారాలు, బ్యాడ్జీలు చక్కగా పెట్టారు, మా ట్యూషన్ పిల్లలకు ఎంతో నచ్చింది. 1855 నివేదిక ప్రతి ఒకటి, రెండు కర్రల బొమ్మ ఒకటి అక్కడ ఒక అద్దాల పెట్టెలో పెట్టండి. పక్కన తమిళంలోనూ తెలుగులోనూ నాలుగు వాక్యాలు రాయండి. ఈ శాఖ ఎందుకు పుట్టిందో కొత్తగా చేరే కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో ఒకసారి దాని ముందు నిలబడి చదివితే బాగుంటుంది.

అమరుల సంగతి ఇక్కడ కలపకండి. దానికి అక్టోబరు 21 ఉంది. 1959లో లద్దాఖ్ హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన రోజది, దేశమంతా పాటిస్తుంది. పక్క కర్ణాటక తన చట్టం అమల్లోకి వచ్చిన ఏప్రిల్ 2న ధ్వజ దినం జరుపుతుంది, జెండాలు అమ్మి సంక్షేమ నిధికి డబ్బు పోగుచేస్తుంది. అది ఒక పద్ధతి. శ్రీపెరుంబుదూరులో 1991 మే 21న రాజీవ్ గాంధీతో పాటు డ్యూటీలో ఉన్న పోలీసులూ చనిపోయారు. అప్పటి ఎస్పీ మహమ్మద్ ఇక్బాల్ వాళ్లలో ఒకరు. అక్కడి స్మారకం చూసి వచ్చినవాళ్లలో ఆ పేరు చెప్పగలిగేవాళ్లు నాకింతవరకు ఎవరూ తగల్లేదు. ఆ పేర్లు అక్టోబరులో చదవండి. సెప్టెంబరు మాత్రం బతికి ఉన్నవాళ్లది కావాలి, ఈ రాత్రి నైట్ రౌండ్స్‌కు వెళ్లాల్సినవాళ్లది.

వాళ్ల రోజు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే. కానీ ఈ లేఖ చదివే మిగతావాళ్లకు తెలియాలి. క్రితం ఏడు వేళాంకణ్ణి ఉత్సవానికి వెళ్లినప్పుడు, నా దగ్గర చదువుకున్న అమ్మాయే అక్కడ డ్యూటీలో కనిపించింది. గ్రేడ్ టూ కానిస్టేబుల్. పొద్దున నాలుగున్నరకు క్వార్టర్స్ నుంచి వ్యాన్ ఎక్కిందట. మూడు దాటాక అన్నం పొట్లాలు వచ్చాయి. బ్యారికేడ్ పక్కన డివైడర్ మీద కూర్చుని, టోపీ ఒళ్లో పెట్టుకుని, సాంబారన్నం తింటోంది. నేను నీళ్ల సీసా ఇచ్చాను. పుచ్చుకుంది గానీ మూత తీయలేదు. "తాగమ్మా, ఎండగా ఉంది" అన్నాను. "వద్దు సార్, డ్యూటీ అయ్యాక తాగుతా" అంది. ఎందుకని అడగబోయి ఆగిపోయాను. పక్కనున్న పెద్దావిడ, హెడ్ కానిస్టేబుల్, ఆమే చెప్పింది. "ఇక్కడ మాకు వెళ్లడానికి చోటెక్కడుంది సార్? బందోబస్తు అంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తాం."

1973లోనే మహిళలను పోలీసులోకి తీసుకున్న రాష్ట్రం ఇది. 1992లో థౌజండ్ లైట్స్‌లో రాష్ట్రంలోని మొదటి మహిళా పోలీసు స్టేషన్ తెరిచింది. 2021 జూన్‌లో, ముఖ్యమంత్రి కాన్వాయ్ వెళ్లే దారుల్లో మహిళా పోలీసులను రోడ్డు మీద నిలబెట్టొద్దని డీజీపీ ఆదేశం కూడా ఇచ్చారు. మంచి మాట. కాన్వాయ్‌కి వర్తించిన ఆలోచన ఉత్సవాలకు ఎందుకు వర్తించదు? ప్రతి బందోబస్తు పాయింటుకూ నడిచి వెళ్లేంత దూరంలో మొబైల్ టాయిలెట్ లేకుండా ఆడవాళ్లను అక్కడ వేయకూడదని ఈ సెప్టెంబరు 6న ఒక ఉత్తర్వు తీయండి. దానికి కమిటీ అక్కర్లేదు, కమిషన్ అంతకన్నా అక్కర్లేదు.

సెలవు సంగతికొద్దాం. 2021 జూలైలో అప్పటి డీజీపీ శైలేంద్రబాబు గారు వారానికో రోజు సెలవు, పుట్టినరోజుకీ పెళ్లిరోజుకీ సెలవు అని సర్క్యులర్ పంపారు. నవంబరులో కానిస్టేబుళ్ల నుంచి హెడ్ కానిస్టేబుళ్ల దాకా వారానికో సెలవు ఇస్తూ ప్రభుత్వం జీవో కూడా ఇచ్చింది. నాకు తెలిసిన ఇళ్లలో ఆ రోజు స్వీట్లు పంచారు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. జీవో అమలు కావడం లేదని చెప్పుకోవడానికి మదురైలో హైకోర్టు బెంచ్ గడప తొక్కాల్సి వచ్చింది. ఇది మీ ఒక్కరి జబ్బే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో వీక్లీ ఆఫ్ ఘనంగా మొదలుపెట్టారు. నెల్లూరులో మా బంధువుల్లో ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు, ఆ మాట ఎత్తితే నవ్వుతారు.

సిబ్బంది చాలడం లేదంటారు. నిజమే కావచ్చు, ఖాళీలు నింపితే తప్ప కొన్ని కుదరవు. అయితే ఉన్నవాళ్లను ఎక్కడ వాడుతున్నారన్నది కూడా లెక్కలోకి రావాలి కదా. అధికారుల ఇళ్లలో పోలీసులతో పనులు చేయించుకునే ఆర్డర్లీ పద్ధతిని రద్దు చేస్తూ ఈ రాష్ట్రంలో 1979లోనే జీవో వచ్చింది. నలభై ఏళ్లు దాటాక, 2022లో, ఇంకా ఎందుకు నడుస్తోందని మద్రాసు హైకోర్టు గట్టిగా అడగాల్సి వచ్చింది. అధికారి ఇంట్లో కూరగాయలు తెచ్చే మనిషి, పిల్లల్ని స్కూల్లో దింపే మనిషి, కుక్కను తిప్పే మనిషి, వీళ్లందరూ ప్రజల డబ్బుతో శిక్షణ పొందిన పోలీసులు. మా స్టూడెంట్ ఒకడు ఒకసారి "మా నాన్న పోలీసే గానీ ఆయనకు స్టేషన్ లేదు సార్" అన్నాడు. వాడికి ఎనిమిదో తరగతి. దానికి జవాబేం చెప్పాలో నాకు తోచక లెక్క చేయమన్నాను.

1859లో చెప్పిన మాట ఇదేగా. పోలీసుకు పోలీసు పని. అప్పుడు శిస్తు వసూలు నుంచి విడదీశారు. ఇప్పుడు విడదీయాల్సినవి వేరే, అంతే తేడా. కాబట్టి సెప్టెంబరు 6న ప్రతి జిల్లా ఎస్పీ, ప్రతి కమిషనర్ ఒక కాగితం విడుదల చేయాలని నా కోరిక. ఈ ఏడాదిలో ఇళ్ల నుంచీ ఆఫీసుల నుంచీ ఎంతమందిని తిరిగి స్టేషన్లకు పంపామన్నది అందులో ఉండాలి. ఒక్క అంకె చాలు. పరేడ్ లేకపోయినా ఏమీ నష్టం లేదు. ఉన్నమాట చెప్పాలంటే పరేడ్ అంటే రిహార్సల్స్, రిహార్సల్స్ అంటే ఇంకో పది రోజుల పొద్దున్నే లేవడం. ముఖ్య అతిథి వస్తే ఆయనకూ మళ్లీ బందోబస్తు. పోలీసు దినం కోసమే పోలీసులను ఎండలో నిలబెట్టడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

అదే రోజున సెలవు కుదరదని ఒప్పుకుంటాను. వేళాంకణ్ణి రద్దీలో సగం మందిని ఇంటికి పంపమని అడిగితే నాకు బుద్ధి లేనట్టే. అందుకే వేరే మార్గం చెబుతున్నాను. సెప్టెంబరు 6న ప్రతి స్టేషన్ నోటీసు బోర్డు మీద రాబోయే మూడు నెలల వీక్లీ ఆఫ్ పట్టిక అతికించండి. పేరు అక్కర్లేదు, నంబరు చాలు. జనం చూసేచోట ఉండాలి. లోపల రైటర్ టేబుల్ మీద ఫైల్లో ఉంటే దాన్ని మార్చడం తేలిక, గుమ్మం పక్కన అంటిస్తే కొంచెం కష్టం. అత్యవసరంగా సెలవు కోసేస్తే, కోసిన తేదీ, మళ్లీ ఇచ్చే తేదీ ఎర్ర సిరాతో పక్కన రాయండి. స్టేషన్‌కు పనిమీద వచ్చే నాబోటివాడు అది చూస్తాడు. ఎదురుగా కూర్చున్న మనిషి వరసగా ఎన్నాళ్ల నుంచి డ్యూటీలో ఉన్నాడో తెలిస్తే, ఆయన విసుక్కున్నప్పుడు నేను కూడా ఇంకో రకంగా మాట్లాడతాను.

విసుగు అన్నాను కాబట్టి నా అనుభవం ఒకటి. నా స్కూటర్ పోయినప్పుడు ఒక స్టేషన్‌లో సీఎస్‌ఆర్ చీటీ కోసం పదే పదే తిరిగాను. ఫిర్యాదు తీసుకున్నట్టు ఇచ్చే ఆ చిన్న రసీదు లేనిదే ఇన్సూరెన్స్ వాళ్లు మాట్లాడరు. రేపు రండి, రైటర్ లేడు, సిస్టం పనిచేయడం లేదు. అక్కడున్న కుర్రాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, రాత్రంతా రౌండ్స్ చేసి పొద్దున్నే మళ్లీ కూర్చున్నాడు. అతని మీద నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. పోలీసును గౌరవించమని జనాన్ని అడిగేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మామూలు మనిషి పోలీసును చూసేది పరేడ్ గ్రౌండులో కాదు, ఆ టేబుల్ దగ్గర.

అక్కడ ఆ టేబుల్ వెనక ఇంకో గది కూడా ఉంటుంది. పోలీసు దినం ప్రకటించిన రెండు నెలలకు, 2025 జూన్ చివర్లో, శివగంగ జిల్లా మడపురం కాళియమ్మన్ ఆలయంలో సెక్యూరిటీగా పనిచేసే యువకుణ్ణి నగల దొంగతనం అనుమానంతో ప్రత్యేక దళం పోలీసులు తీసుకెళ్లారు. అతను చనిపోయాడు. ఒంటి మీద పదుల సంఖ్యలో గాయాలున్నాయని పోస్టుమార్టంలో తేలింది. పోలీసులు అరెస్టయ్యారు, కేసు సీబీఐకి వెళ్లింది. తీర్పులు కోర్టులు చెబుతాయి. నేను చూస్తున్నది వేరే. పోయిన నగలు రాబట్టాలి, పైనుంచి ఒత్తిడి, చేతికి దొరికినవాడు పేదవాడు. 1855 నివేదికలో శిస్తు బదులు నగలు అని రాసుకుంటే సరిపోతుంది. విశ్రాంతి లేని మనిషి ఎవర్నైనా కొట్టొచ్చని నేను అనడం లేదు, అలా అంటే రోజంతా ఎండలో నిలబడి ఎవరి మీదా చెయ్యెత్తని వేల మందిని అవమానించినట్టే. కానీ ఆ రోజున గౌరవం గురించి ప్రసంగించేవాళ్లు మడపురం పేరెత్తకుండా దాటేస్తే, వినే జనం మనసులో ఎత్తుకుంటారు. వేదిక మీద మీరే ఎత్తడం మేలు. స్టేషన్ సీసీ కెమెరాల గురించి సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పిన మాట ఎంతవరకు అమలైందో, ఎన్ని స్టేషన్లలో అన్ని గదులూ కెమెరా కిందకు వచ్చాయో అదే రోజు చెప్పండి. కెమెరా తప్పు చేయని కానిస్టేబుల్‌కు కూడా సాక్ష్యమే.

అభిమానం లేక ఇదంతా రాస్తున్నానని అనుకోవద్దు. 2021 నవంబరు వానల్లో టీపీ ఛత్రం ఇన్‌స్పెక్టర్ రాజేశ్వరి గారు కీల్పాక్ శ్మశానంలో స్పృహ తప్పి పడి ఉన్న మనిషిని భుజాన వేసుకుని ఆటో దాకా మోసుకెళ్లడం రాష్ట్రమంతా టీవీలో చూసింది. అతను చివరికి దక్కలేదు. అయినా ఆ దృశ్యం చూశాక మా క్లాసులో ఆడపిల్లలు ఎస్సై పరీక్షకు ఎలా చదవాలని అడగడం మొదలుపెట్టారు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలికి వచ్చినవాళ్లు. అప్పుడు ఊళ్ల నుంచి పరిగెత్తుకొచ్చిన తల్లులకు తమిళం రాదు. ఫొటో చేతిలో పట్టుకుని తెలుగులో అడుగుతుంటే వాళ్లకు దారి చూపడానికి మాట తెలిసినవాళ్లు కావాలి. ఉత్తర చెన్నైలో, గుమ్మిడిపూండి వైపు తెలుగు మాట్లాడగల పోలీసులు ఎంతమందో ఉన్నారు. ఇలాంటి విపత్తుల్లో పిలవడానికి అలాంటివాళ్ల జాబితా, తెలుగు ఒక్కటే కాదు, హిందీ, ఒడియా, బెంగాలీ వచ్చినవాళ్లదీ కంట్రోల్ రూంలో సిద్ధంగా ఉంచండి. ఇప్పుడు నగరంలో భవనాలు కట్టేది ఎక్కువగా ఆ రాష్ట్రాలవాళ్లే.

మా తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మనవి. మీరు ఆ రోజున స్టేషన్‌కు వెళ్లి ఇన్‌స్పెక్టర్ గారికి దండ వేసి ఫొటో దిగాలని చూస్తున్నారని విన్నాను. దయచేసి ఆ డబ్బుతో క్వార్టర్స్ పిల్లలకు పుస్తకాలు కొనండి, లేదా ఉత్సవం డ్యూటీలో ఉన్నవాళ్లకు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అన్నం అందేలా స్టేషన్‌తో మాట్లాడి ఏర్పాటు చేయండి. దండ తీసుకునేది ఒకరే, ఆకలి మిగతావాళ్లది.

అయ్యా, ఈ లేఖకు జవాబు ఇవ్వాలనిపిస్తే "మీ సూచనలు పరిశీలనలో ఉన్నాయి" అనే ఉత్తరం పంపవద్దు. ఇక్కడి మా పెరంబూరు ప్రాంతంలో, అయనావరం, విల్లివాక్కం, సెంబియం స్టేషన్లలో, 2021 నవంబరు జీవో ప్రకారం గత నెలలో ఎంతమందికి ఎన్ని వారపు సెలవులు దక్కాయో రాసి పంపండి. అది పుచ్చుకుని నేను క్వార్టర్స్ గేటు దగ్గర అంటిస్తాను. సరిగ్గా ఉందో లేదో లోపలున్నవాళ్లే చెబుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
పెరంబూరు, చెన్నై